గాజువాకలో బావ రెగ్యులర్ ఆర్డర్

ఎత్తులో పనిచేసేవాళ్ళకు ఏటా జరిగే మెడికల్ పరీక్ష కోసం అచ్యుతాపురం నుంచి గాజువాక వెళ్ళాలి. మా ఫ్యాక్టరీల వాళ్ళు చాలామంది ఈ దారిన వెళ్తారు కాబట్టి టైములతో సహా రాస్తున్నాను.

పరీక్ష నాకు కాదు, మా బావ ఈశ్వర్రావుకు. పదకొండేళ్ళుగా ఆయన ఓవర్‌హెడ్ క్రేన్ ఆపరేటర్. కిందటేడు షుగర్ హద్దు దాకా వచ్చి ఆగింది. ఈసారి బాగా దాటితే క్యాబిన్ నుంచి దింపి నేల మీద పనికి వేస్తారు. నేను పక్క కంపెనీలో ల్యాబ్ కెమిస్టును. అందుకే అక్క నన్ను కాపలా పంపింది.

"రగతం తీసేదాకా నోట్లో ఏటీ పెట్టనీకు," అంది.

బస్సు 6.20కి బయల్దేరింది. ఎడమ వైపు మూడో వరుసలో కూర్చున్నాం. కిటికీ బావది. ఎన్నిసార్లు కలిసి ప్రయాణించినా కిటికీ ఆయనదే.

ముందు సీట్లో ఒక పెద్దావిడ ఉడకబెట్టిన వేరుశనక్కాయల బుట్టతో గాజువాక మార్కెట్‌కు వెళ్తోంది. వెనక్కి తిరిగి పిడికెడు కాయలు చాపింది.

"తినండి బాబూ, ఏడేడిగున్నాయి."

బావ చెయ్యి సగం దూరం వెళ్ళింది. "ఆయనకి ఉపాసం అప్పా," అన్నాను.

"ఏ దేముడికి బాబూ?"

"సుగర్ దేముడికి," అన్నాడు బావ. "ఏడాదికోపాలి రగతం ఇత్తేగానీ వదల్డు."

ఆవిడ నవ్వి ఆ కాయలు నా ఒళ్ళో పోసింది. బావ వాటివైపు చూడకుండా, "నాలుగు రోజులై సోడంబలి మీదే ఉన్నాను బామ్మర్దీ. సుగర్ గాడు ఈసారి నన్ను పోల్చుకోలేడు," అన్నాడు గర్వంగా.

కూర్మన్నపాలెం దాటాక ఎడమ చేతి వైపు ఒక పెద్ద బర్గర్ల చెయిన్ షాపు వస్తుంది. ఇంకా తెరవలేదు. అది కనుమరుగయ్యేదాకా బావ మెడ తిరుగుతూనే ఉంది.

7.35కి దిగాం. ల్యాబ్ ఎనిమిదికి తెరుస్తారు. కంపెనీల వాళ్ళు గుంపులుగా వస్తారు కాబట్టి ముందే టోకెన్ తీసుకోవడం మంచిది. ఆధార్ కార్డు, కంపెనీ లెటర్, రెండు ఫోటోలు కావాలి. మా వంతు వచ్చి రక్తం తీసేసరికి 9.40 అయింది. తిన్న రెండు గంటలకు మళ్ళీ రమ్మన్నారు.

ల్యాబ్ వాళ్ళిచ్చిన పరీక్షల ఫారం మడిచి జేబులో పెట్టుకుంటూ చూశాను. టిక్కులు మూడున్నాయి. ఒకటి పరగడుపున, రెండోది తిన్నాక. మూడోది ఈ ఏడే కొత్తగా చేర్చారు. మూడు నెలల సగటు షుగర్ చెప్పే పరీక్ష అది. నాలుగు రోజుల రాగి అంబలి దాన్ని కదిలించలేదు.

అప్పుడు చెప్పలేదు. బావ ఇడ్లీ బండ్లు రెండు దాటించి, ఆ బర్గర్ షాపు దాకా నడిపించాడు. "లోపల ఏసీ ఉంటాది," అన్నాడు. పదికి తలుపు తీశారు.

కౌంటర్ దగ్గరి అమ్మాయి బావను చూసి, "ఏటి సార్, పొద్దున్నే వచ్చేశారు! రెగ్యులరేనా? స్పైసీ చికెన్, ఎక్స్‌ట్రా మయొనైజ్, పెద్ద ఫ్రైస్, ఐస్ లేకుండా కూల్‌డ్రింక్, ఆఖర్లో సాఫ్టీ?" అంది.

ఐస్ వద్దంటే డ్రింక్ ఎక్కువ పడుతుంది. ఇది బాగా అలవాటున్నవాళ్ళకే తెలుసు. శనివారాలు బియ్యం, సరుకులకని బావ గాజువాక ఎందుకు వస్తాడో నాకు అప్పుడర్థమైంది.

"కాదమ్మా," అన్నాడు బావ. "మొక్కజొన్న కప్పు. బటర్ వద్దు."

ఆ అమ్మాయి బావ ముఖంలోకి ఒకసారి చూసింది. "ఒంట్లో బాలేదేటి సార్?"

నేను ఫ్రైస్, సాఫ్టీ ఐస్‌క్రీమ్ తీసుకున్నాను. ఫ్రైస్ ఏడు నిమిషాల్లో మెత్తబడతాయి, ఇది నేను వాచీ పెట్టి చూసిందే. అందుకని ముందు వాటినే తింటాను. ఆ రోజు మాత్రం ఒకటీ తినకుండా ఫారం తీసి టేబుల్ మీద పరిచి మూడో టిక్కు చూపించాను. దాని అర్థం చెప్పాను.

బావ ఆ టిక్కు మీద వేలు పెట్టాడు.

"అంటే శనివారాలన్నీ అందులో ఉంటాయేటి?"

"ఉంటాయి బావా."

"పదకొండేళ్ళు కిందోళ్ళ సైగలు సూసి బరువులెత్తినోడ్ని. ఇప్పుడు నాను కింద నిలబడి సైగలు సెయ్యాలా?" కుర్చీ వెనక్కి జరిపాడు. "ఎలాగూ దొరికిపోయాను. రెగ్యులరే తెచ్చుకుంటాను."

"తిన్నాక తీసే రక్తం ఇంకా ఇవ్వలేదు. అదైనా నీ చేతిలో ఉంది."

లేచినవాడు కూర్చున్నాడు. మొక్కజొన్న గింజలు చెంచాతో లెక్కపెట్టినట్టు తిన్నాడు. చివర్లో నా ట్రేలోంచి ఒక ఫ్రై తీసి, నా సాఫ్టీలో ముంచి, కళ్ళు మూసుకుని నమిలాడు. అప్పటికి అది మెత్తబడిపోయి ఉంటుంది.

"మీ అక్కకి సెప్పకు," అన్నాడు.

రెండో రక్తం 12.15కి ఇచ్చాడు. రిపోర్టు 2.30కి వచ్చింది. డాక్టరు ముందు బావ చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"ఇవాళ్టి రెండూ బాగానే ఉన్నాయి," అన్నాడాయన. "మూడోదే ఎక్కువుంది. ఏం తింటుంటారు?"

బావ నావైపు చూశాడు. నేను గోడ మీది చార్టు చూశాను.

"బర్గర్లు సార్," అన్నాడు బావ. "వారం వారం. కూల్‌డ్రింకు కూడా."

డాక్టరు మాత్రలు రాశాడు. ఫారం మీద ఏడాదికి బదులు మూడు నెలలకే ఫిట్ అని సంతకం చేశాడు. తర్వాత మళ్ళీ ఈ మూడో పరీక్షే చేస్తాడట.

తిరుగు బస్సు 3.20కి దొరికింది. కుడి వైపు రెండు సీట్లు ఖాళీగా ఉన్నాయి. నేను పక్కకు తప్పుకుని దారి ఇస్తే బావ నిలబడే ఉన్నాడు.

"నువ్వెళ్ళు లోపలికి," అన్నాడు.

కిటికీ దగ్గర కూర్చున్నాను. అక్క ఫోన్ చేసింది. బావే ఎత్తి, "మూడు నెల్లకిచ్చాడే. ఇంటికొచ్చి సెప్తాను, అంతా సెప్తాను," అని పెట్టేశాడు. తర్వాత ఫారం విప్పి, సంతకం చూస్తూ కూర్చున్నాడు.

సిగ్నల్ దాటాక రోడ్డుకు అటువైపు ఆ బర్గర్ షాపు వచ్చింది. బయట బళ్ళు నిండుగా ఉన్నాయి.

బావ తల ఎత్తలేదు. కాసేపటికి అడిగాడు.

"ఎళ్ళిపోయిందేటి?"

"ఇంకా లేదు బావా. ట్రాఫిక్ ఉంది."

ఫారాన్ని ముఖానికి ఇంకాస్త దగ్గరగా పెట్టుకున్నాడు.