పల్లీపట్టీ పెట్టెలతో విరుదునగర్ గేటు దాకా

తమిళుల ఆడి మాసం, మొదటి శనివారం. కోవిల్‌పట్టిలో రాజమ్మత్త మిఠాయి షెడ్డులో అడుగుపెట్టగానే బెల్లం పాకం వాసన వస్తుందనుకున్నాను. ముందు వినిపించింది స్టిక్కర్ల ప్రింటర్ చప్పుడు.

పెద్ద సూపర్‌మార్కెట్లకు సరుకు పంపే చిన్న తయారీదారుల గురించి బీకాం ప్రాజెక్టు రాయాలి. హాస్టల్‌లో నా గదిలో ఉండే కవిత తన మేనత్త రాజమ్మ దగ్గరికి నన్ను పంపింది. మదురై నుంచి బస్సులో రెండు గంటలు. వీళ్లది ఇంట్లో తెలుగు, గడప దాటితే తమిళం.

రాజమ్మత్త పల్లీపట్టీలు కొనే సూపర్‌మార్కెట్ ఈ నెలే కొత్త నిబంధన పెట్టింది. ప్రతి అట్టపెట్టె మీదా బార్‌కోడ్ ఉండాలి, ఆ వివరాలు ముందే వాళ్ల వెబ్‌సైట్‌లో ఎక్కించాలి. గిడ్డంగి గేటు దగ్గర ఒక్క పెట్టె స్కాన్ కాకపోయినా లోడంతా వెనక్కే. అలా వెనక్కి వస్తే ఇక ఆర్డరు ఉండదట. షెడ్డులో పట్టీలు కోసే ఆడవాళ్లకు సగం పని ఆ ఆర్డరుదే.

"పాకు ముదిరితే నా చెయ్యి చెప్తాది పాపా. ఈ మిషను ఏం చెప్తాదో తెలీలే," అంది రాజమ్మత్త. నేను వెబ్‌సైట్‌లో వివరాలు టైపు చేస్తుంటే ప్రతి అంకెనూ నాతోపాటు పలికింది. స్టిక్కర్లు అంటించాక, ప్రతి లోడుకూ చేసినట్టే, మొదటి పెట్టెకు పసుపు రాసి కుంకుమ బొట్టు పెట్టింది.

ఆమె తమ్ముడు గురుసామి వ్యానులో, గిడ్డంగి ఉన్న విరుదునగర్‌కు గంట ప్రయాణం. బస్సులో అయితే యాభై రూపాయల నోటు చాలు. నల్లరేగడి మీది ఆడి గాలి దారంతా వ్యానును పక్కకు తోస్తూనే ఉంది.

గేటు దగ్గర ఒక్కో పెట్టెకూ స్కానర్ కూత పెట్టింది. మొదట ఎక్కించిన పెట్టె చివర దిగింది. దానికి మాత్రం కూత లేదు. బొట్టు సరిగ్గా బార్‌కోడ్ గీతల మీద ఉంది.

"అక్కకి ఆ తెల్ల స్టిక్కరే పెట్టె మొకం మాదిరి అగపడిండాది," అని గురుసామి నవ్వబోయి ఆగిపోయాడు.

నేను తుడవబోతే కాగితం చిరిగింది. నంబరు చేత్తో కొట్టరాదా అని అడిగాను. స్కాన్ చేసే ఉద్యోగి తమిళంలో మెల్లగా చెప్పాడు: "సిస్టమ్ ఒప్పుకోదమ్మా. మా ఇంట్లోనూ బండికి బొట్టు పెడతారు. వెనక్కి పంపినట్టు ఇప్పుడే ఎక్కించను. రేపు మొదటి బండిగా రండి, కొత్త స్టిక్కర్‌తో."

గురుసామి ఫోన్‌లో జరిగింది చెప్పగానే రాజమ్మత్త అడిగింది: "నా చేత్తోనే చెడగొడితినా?"

"సామికి అగపడె, మిషనుకి అగపడలే. అంతే అక్కా," అన్నాడు గురుసామి.

"సరి, ఆ పాపకి పరోటా తినిపీరా. పొద్దన్నుంచి ఎండలో తిప్పతా ఉండావు."

నేను ఫోన్‌లో ఒక్కో మెట్టూ చెబుతుంటే కొత్త స్టిక్కరు ఆమే ప్రింటు తీసింది.

నూనెలో వేగిన పరోటా తింటూ 'సరఫరాదారు' అనే మాట గురించి ఆలోచించాను. వెబ్‌సైట్‌లో ఆ మాట పక్కన రాజమ్మత్త పేరు లేదు, ఒక నంబరుంది. నిబంధన చెడ్డదని అనలేను. కానీ దాన్ని నేర్చుకునే భారమంతా, పొరపాటైతే ఆ భయమంతా, ఆమెకే వదిలేశారు.

కోవిల్‌పట్టిలో మిఠాయి తయారీ చూడాలనుకుంటే మధ్యాహ్నం కాకముందే వెళ్లండి, పాకం పోసేది అప్పుడే.

లోడుతో వ్యాను ఈ రాత్రికి విరుదునగర్‌లోనే ఆగింది. రేపు తెల్లవారుజామున మొదటి బస్సుకు రాజమ్మత్త కొత్త స్టిక్కరు తీసుకుని వస్తుంది. బస్టాండులో ఆమెను ఎక్కించుకుని ముగ్గురం గేటుకు వెళ్తాం. ఆ స్టిక్కరు ఆమె చేతే అంటింపించాలని గురుసామి, నేను అనుకున్నాం.