బర్రెనెక్కిన బొమ్మల హీరో

మేడ్చల్ మంగలి రాజలింగం గడ్డం గీస్తూనే పాత బొమ్మల పుస్తకాల్లోని కథలు చెప్పేవాడు. వాటన్నిటిలో సినిమా హాస్యనటుడు గిరిధరమే హీరో. నవ్వొచ్చే చోట కత్తి గాల్లోకి ఎత్తి పట్టుకుని, కూర్చున్నవాడు తనివితీరా నవ్వాకే మళ్లీ చెంప మీద పెట్టేవాడు. ఒకనాడు శామీర్‌పేట చెరువు దగ్గర షూటింగుకు వచ్చిన పెద్దమనిషి గడ్డానికి కూర్చున్నాడు. గిరిధరం బర్రెనెక్కి పెళ్లికి పోయిన కథ చెప్పి రాజలింగం కత్తి ఎత్తాడు. ఆయన నవ్వలేదు.

"ఆ గిరిధరం నేనేనయ్యా. జన్మలో బర్రె ఎక్కలేదు. అదంతా బొమ్మలేసినవాడి కల్పన."

రాజలింగం పుస్తకం తెచ్చి ఆయన మొహం పక్కన పెట్టి చూశాడు. ముక్కు అదే. అయినా మనసు ఒప్పలేదు.

"బర్రె ఎక్కకుంటే మీరు గాయన ఎట్లయితరు సార్?"

గిరిధరానికి పౌరుషం పొడుచుకొచ్చింది. సగం మొహం నురగతోనే బయటికి నడిచి, రోడ్డున పోతున్న బర్రెను ఆపించి ఎక్కాడు. అది నాలుగడుగులేసి ఆయన్ని బురదలో పడేసింది. బజారంతా గొల్లుమంది. రాజలింగం కళ్లు తుడుచుకుంటూ, నవ్వు ఆపుకోలేక ఆయన్ని లేపాడు.

"మీరే సార్! అచ్చం మీరే! జల్దీ రాండ్రి, ఇంకో చెంప మిగిలింది."