టీచరుగారూ, సన్నబడే మాత్రలూ

పోయిన ఆదివారం పొద్దున చర్చికి తయారవుతూ మా టీచరుగారు కుర్చీలోనే ఒరిగి కన్నుమూశారు. వాళ్ళమ్మాయి ఫోన్ చేసినప్పుడు నేను పిల్లలకి ఇడ్లీ పెడుతున్నాను. తిరువూరులో మా తరంవాళ్ళం చాలామందిమి ఆవిడ దగ్గరే జీవశాస్త్రం చదువుకున్నాం. రిటైరయ్యాక మా వీధిలోనే ఉన్నారు కాబట్టి నాకు ఆ చదువు ఆగలేదు.

ఆవిడ భారీ మనిషి. రెడ్డిగూడెం మామిడిపళ్ళు వస్తే బుట్ట ముందేసుకుని కూర్చుని, కొవ్వు సంగతి తనకెవరూ చెప్పక్కర్లేదని, అంతా సొంత అనుభవమేనని నవ్వేవారు. కొట్లో ఏది కొన్నా దాని మీది సన్న అక్షరాలన్నీ చదివేవారు. వెనకవాళ్ళు విసుక్కుంటే పక్కకి జరిగి దారిచ్చేవారు గానీ చదవడం ఆపేవారు కాదు.

మా చెల్లి కానిస్టేబుల్ ఉద్యోగానికి పరుగు పరీక్ష కోసం తయారవుతున్న రోజుల్లో, తొందరగా బరువు తగ్గాలని ఫోన్‌లో చూసి ఒక మాత్రల డబ్బా తెప్పించుకుంది. కేరళవాళ్ళు చేపల పులుసులో వేసుకునే ఒక పుల్లటి కాయ తొక్క సారం అది. ఒంట్లో కొవ్వు పేరుకోనివ్వదని శాస్త్రీయంగా రుజువైనట్టు డబ్బా మీద రాసుంది. టీచరుగారికి చూపిస్తే వద్దంటారనుకున్నాను. ఆవిడ తిప్పి తిప్పి చూసి, "నాకు తెలీదమ్మా. చదివి చెప్తాను," అన్నారు.

తన దగ్గర చదువుకుని డాక్టరైన ఒకాయన్ని అడిగి పరిశోధన వ్యాసాలు తెప్పించుకున్నారు. ఫోన్‌లో అక్షరాలు పెద్దవి చేసుకుని అన్నీ చదివారు. తర్వాత మమ్మల్నిద్దర్నీ పిలిచి, టీ ఇచ్చి, చెప్పారు. ఎలుకల్లో ఆ సారం కొవ్వు తయారవడాన్ని కొంత తగ్గించిందట. మనుషుల మీద చేసిన కొన్ని పరిశోధనల్లో కాస్త బరువు తగ్గారు. కొన్నిటిలో మందు లేని ఉత్తి మాత్ర మింగినవాళ్ళకీ వీళ్ళకీ తేడాయే లేదు. చూసింది కూడా కొద్దిమందిని, కొద్ది వారాలే. అరుదుగా కొందరికి కాలేయం దెబ్బతింది.

"ఎలుకలు సన్నబడ్డాయి, నిజమే. నువ్వు ఎలుకవి కాదు కదమ్మా," అన్నారు చెల్లితో.

చెట్టు నుంచి వచ్చింది ఏం చేస్తుందండీ అంది చెల్లి. గన్నేరు కూడా చెట్టేగా అన్నారావిడ, మెల్లగా.

చెల్లి మానలేదు. పరీక్ష దగ్గరపడుతోందని దాని కంగారు. కొన్నాళ్ళకి ఒక మధ్యాహ్నం మా ఇంటికొచ్చిన టీచరుగారు దాని మొహం చూసి, చెయ్యి పట్టుకుని వాకిట్లో వెలుతురులోకి తీసుకెళ్ళి, కింది రెప్ప లాగి చూశారు. కళ్ళు పచ్చగా ఉన్నాయి. రోజూ చూస్తున్న మేం గమనించనేలేదు.

మర్నాడే ముగ్గురం విజయవాడ బస్సెక్కాం. మాత్రల డబ్బా మర్చిపోకుండా సంచిలో వేయించింది ఆవిడే. కాలేయం వాచిందనీ, ఆ మాత్రలే కారణం కావచ్చనీ, వెంటనే ఆపేయమనీ డాక్టరుగారు చెప్పారు. టీచరుగారు అక్కడా ఊరుకోలేదు. ఇంకే జబ్బూ కాదని ఎలా తెలుస్తుందండీ అని అడిగారు. ఆయన విసుక్కోకుండా, అందుకూ పరీక్షలు రాశానన్నారు. వాటిలో ఇంకే జబ్బూ బయటపడలేదు.

తిరుగు బస్సులో చెల్లి ఏడ్చింది. "మీరు ముందే చెప్పారు కదా టీచరుగారూ," అంది.

"నీకవుతుందని నేను చెప్పలేదు తల్లీ. అది నాకూ తెలీదు," అన్నారావిడ, దాని తల తన భుజం మీదికి లాక్కుని. నేను ముందే చెప్పానన్న మాట ఒక్కసారి కూడా ఆవిడ నోట రాలేదు, ఆ రోజూ, ఆ తర్వాతా.

కుదుటపడటానికి నెలలు పట్టింది. ఆ ఏటి పరీక్ష పోయింది. మళ్ళీ నోటిఫికేషన్ పడ్డప్పుడు చెల్లి నెగ్గింది. మొన్న సమాధి దగ్గరికి డ్యూటీ నుంచి యూనిఫాంలోనే వచ్చి, అందరూ వెళ్ళిపోయాక కూడా నిలబడి ఉంది.

నాకు మాత్రం ఆ మధ్యకాలమే గుర్తొస్తోంది. ఇక పరిగెత్తవచ్చని డాక్టరుగారు అన్నాక, పొద్దున్నే చెల్లితో పాటు టీచరుగారూ స్కూలు గ్రౌండుకి వచ్చేవారు. చీర కుచ్చిళ్ళు కాస్త ఎత్తి దోపుకుని, ఆయాసపడుతూ, అంచు వెంబడి నడిచేవారు. చెల్లి పరిగెత్తుకుంటూ ఆవిడని దాటిపోయే ప్రతిసారీ భుజం తట్టి వెళ్ళేది. ఆవిడ తల తిప్పకుండానే చెయ్యి పైకెత్తేవారు.