బీరపాదుకు పోసిన తరవాణి

నా చిన్నప్పుడు వేసవి సెలవులంటే నాకు ఒళ్ళు మండేది. రాజాం దగ్గర మా ఊళ్ళో పిల్లలంతా అమ్మమ్మగారి ఊళ్ళకు పోయేవారు. మా అమ్మమ్మ నేను పుట్టకముందే పోయింది, నాకు పోవడానికి ఊరే లేదు. అది తెలిసే కాబోలు, ఐదో తరగతి సెలవులకు మా మాస్టారు బడితోట నాకు అప్పజెప్పారు. బడి తెరిచేసరికి బీరపాదు బతికుండాలన్నారు. అందరం కలిసి పెట్టిన పాదు. చచ్చిపోతే మాత్రం నన్నొక్కదాన్నే అంటారు. రోజూ భయపడుతూనే నీళ్ళు పోసేదాన్ని.

ఎండలు ముదిరి ఆకులు వాడాయి. మా నాన్న పొలం నుంచి సోలిపోయి వచ్చినా, ఉప్పేసిన తరవాణి తాగితే మళ్ళీ లేచి పనికి పోయేవాడు. ఆ పుల్లటి గంజినీళ్ళు మనిషిని నిలబెడితే మొక్కను నిలబెట్టవా అనుకున్నాను. అమ్మ చూడకుండా కుండలోంచి ముంచి, ఉప్పు దండిగా కలిపి, నాలుగు రోజులు పోశాను. ఆకుల అంచులు మాడిపోయాయి.

పాదు దగ్గర కూర్చుని ఏడుస్తుంటే బడి పక్కింటి మామ్మ వచ్చింది.

"ఏటే, ఏటి పోసినావు దీనికి?"

చెప్పాను. తిట్టలేదు, నవ్వనూ లేదు. తన నూతిలోంచి బిందె మీద బిందె తోడి, ఉప్పు దిగిపోయేదాకా పాదు మొదట్లో పోసింది. "నీకు సలవ సేస్తాదని దానికీ పోసెస్తే ఎలాగే? దానికేటి కావాలో సూసి పొయ్యాల" అంది. మట్టిలో వేలు గుచ్చి తడి చూడడం నేర్పింది.

ఆ రోజు నుంచి పొద్దు వాలేసరికి నా కోసం నూతి దగ్గర కూర్చునేది. ఆవిడకు ఎవరూ లేరు. పెద్దగా మాట్లాడేది కాదు. ఒక్కోసారి తాటిముంజె ఒలిచి చేతిలో పెట్టేది.

బడి తెరిచేసరికి పాదు పందిరెక్కి పూసింది. మాస్టారు మెచ్చుకున్నారు. నేస్తాలు వచ్చేశారు, వానలూ పడ్డాయి. నేనిక నూతి వైపు పోలేదు. ఒకరోజు మామ్మ గోడ అవతల నుంచి పిలిచి, "నీళ్ళకి కాకపోయినా రావేటే?" అంది. "వస్తాను మామ్మా" అన్నాను. పోలేదు. ఆ చలికాలంలో ఆవిడ పోయింది.

మొక్క నోరు తెరిచి అడగలేదు, నాకు తెలియలేదు. ఆవిడ అడిగింది. ఇప్పుడు నాకూ ఆ వయసొచ్చింది. ఎవరైనా రమ్మంటే వస్తానని ఊరికే అనను. అన్నానంటే ఆ సాయంత్రమే చెప్పులేసుకుంటాను.