సోమశిల బురదలో అయస్కాంతం

2023. బెంగళూరులోని ఒక పరిశోధనశాలలో ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్ నడపడం నా ఉద్యోగం. మాది నెల్లూరు జిల్లా ఉదయగిరి. అందుకే కెజియా అనే పరిశోధక విద్యార్థిని తెచ్చిన డబ్బీ మీద ‘సోమశిల’ అని చూడగానే ఏ ఊరని అడిగాను.

“ఆత్మకూరు దగ్గర సార్. మా పాత ఊరు డ్యామ్ నీళ్లకింద ఉండాది. నీళ్లు తగ్గినప్పుడు అక్కడి బురద మా నాయనే తీసిచ్చినాడు. ఆయన చేపలు పడతాడు.”

ఆ బురదలో ఒకరకం బాక్టీరియా ఉంటుంది. దాని ఒంట్లో ఇనుప ఖనిజపు స్ఫటికాలు గొలుసులా అమరి దిక్సూచిలా పనిచేస్తాయి. ఒక్కో స్ఫటికం కొన్ని పదుల నానోమీటర్లు. మిల్లీమీటరును పది లక్షల భాగాలు చేస్తే ఒక భాగం నానోమీటర్. అంత చిన్నవాటి అయస్కాంతత్వాన్ని ఎలక్ట్రాన్ హోలోగ్రఫీతో కొలుస్తాం. అయస్కాంతం మీదుగా వెళ్లిన ఎలక్ట్రాన్ తరంగం కాస్త పక్కకు జరుగుతుంది. ఆ తేడా తెరమీద గీతలుగా కనిపిస్తుంది.

మొదటి బొమ్మలో గొలుసు వెంట గీతలు చక్కగా వచ్చాయి. పక్కనున్న ఒక ముద్ద చుట్టూ కూడా వచ్చాయి. గొలుసు కాని ముద్ద కూడా అయస్కాంతం కావడం కొత్త సంగతని ఆమె గైడ్ సంబరపడి సదస్సుకు రాసి పంపారు. కెజియా ఇంటికి ఫోన్ చేసింది. వాళ్ల నాయన ఆదివారం చర్చిలో లేచి, మునిగిన మన ఊరి మట్టిలో కొత్త అయస్కాంతం దొరికిందని సాక్ష్యం చెప్పాడు.

అయితే నమూనా మందంగా ఉన్నచోట కూడా తరంగం పక్కకు జరుగుతుంది. ఏది ఏమిటో తేలాలంటే మైక్రోస్కోప్‌లో లెన్స్‌గా పనిచేసే విద్యుదయస్కాంతంతో నమూనా ధ్రువాలను తిప్పి, లెన్స్ ఆపి, మళ్లీ కొలవాలి. అయస్కాంతమైతే ఆ జరగడం ఎదురు దిక్కుకు మారుతుంది. మందమైతే మారదు.

“తిప్పేటప్పుడు అయస్కాంతం లాగుడికి నమూనా ఊడిపోవచ్చు. ముద్ద ఉన్నది ఇదొక్కటే. నిర్ణయం నీదే” అన్నాను.

“తిప్పకపోతే ఎవురికన్నా తెలుస్తాదా సార్?”

“సదస్సులో అడిగితే అడగొచ్చు. అడక్కపోవచ్చు కూడా.”

“నాకు తెలుస్తాది గదా. తిప్పండి.”

నమూనా ఊడలేదు. గొలుసు దగ్గర దిక్కు మారింది. ముద్ద దగ్గర ఏమీ మారలేదు. అది వట్టి మందం.

కెజియా అక్కడే కూర్చుని ఫోన్ స్పీకర్‌లో పెట్టింది.

“నాయనా, నేను చెప్పింది తప్పు. ఆ ముద్ద అయస్కాంతం కాదు.”

“అయితే మన బురదలో ఏమీ లేనట్టేనా?” అన్నాడాయన.

“గొలుసు ఉండాది. అట్టాంటివి వేరే చోట్ల గూడా ఉండాయి.”

“ఉండేది ఉండాదని చెప్పు. లేంది లేదని చెప్పు. చర్చిలో చెప్పింది నేను. ఆదివారం నేనే లేచి దిద్దుకుంటా. అన్నం తిన్నావా?”

తినలేదు. ఇద్దరం క్యాంటీన్‌కి వెళ్లాం.

ముద్ద సంగతి వెనక్కి తీసుకోవడంతో సదస్సులో ఆమెకు రావలసిన ఉపన్యాసం అవకాశం పోయింది. గొలుసు కొలతలతో పోస్టర్ పెట్టుకుని నిలబడితే ఒకరిద్దరు ఆగి చూశారు. వాళ్ల నాయన అన్న మాట ప్రకారం చర్చిలో లేచి చెప్పాడట. ఎవరూ నవ్వలేదట.

అప్పటినుంచి తిప్పి కొలిచేదాకా మొదటి బొమ్మను నేను ఎవరి చేతికీ ఇవ్వడం లేదు. బొమ్మ అందంగా వస్తే నమ్మేయాలని అందరికీ తొందర పుడుతుంది. ఆ తొందర ల్యాబ్‌లో ఆగదు, ఊరిదాకా పోతుంది. దాన్ని వెనక్కి తెచ్చే పని ఎవరో ఒకరు నిలబడి చేయాల్సి వస్తుంది.