రిబ్కమ్మ రాసిన పేరు

నారాయణఖేడ్‌లో తహసీల్ ఆఫీసు ఎదురుగా ఉన్న జిరాక్సు దుకాణం అరుగు మీద రిబ్కమ్మ ఇరవై ఏడేళ్లుగా అర్జీలు రాస్తోంది. ఊళ్లో డిగ్రీలు చదివినవాళ్లకు కొదవేం లేదు. చేతిలో ఫోను లేనివాడు అసలే లేడు. అయినా పట్టా కాగితంలో తండ్రి పేరు తప్పుపడినా, పింఛను ఆగినా, మనూర్ నుంచీ నాగల్‌గిద్ద నుంచీ ఆటోల్లో వచ్చి దిగే జనం ముందు ఆ అరుగు దగ్గరికే వస్తారు. మిషను బడిలో పదో తరగతి దాకా దిద్దిన గుండ్రటి అక్షరం ఆమెది. దాన్ని ఎంత విసుగుమారి గుమాస్తా అయినా చివరిదాకా చదువుతాడని పేరు. గుమాస్తాల మీద రిబ్కమ్మకు అంత నమ్మకం లేదు గానీ, ఆ పేరు చెవిన పడినప్పుడు మాత్రం కొంచెం మురిసిపోతుంది.

ఆమెకు రెండు పట్టింపులున్నాయి. లోపల ఇచ్చిన ప్రతి కాగితానికీ నకలు మీద ముట్టినట్టు సంతకం, తారీఖు తీసుకోవాలి. సంతకం లేకుండా గేటు దాటి వచ్చినవాళ్లను, ముసలీ ముతకా అని చూడకుండా, మళ్లీ లోపలికి తోలుతుంది. ఇక రెండోది, ఫిర్యాదు ఎవరి మీదో వాళ్ల పేరు రాయదు. "కొందరు వ్యక్తులు" అంటుంది, "కొన్ని కారణాల వలన" అంటుంది, చివర "తమ దయ" అని ముగిస్తుంది.

ఈ రెండో పట్టింపు ఊరికే పట్టుకోలేదు. అర్జీలు మొదలుపెట్టిన ఏడాదే మనూర్ వైపు పల్లె నుంచి బసమ్మ అనే రైతు ఇల్లాలు వచ్చి, రేషన్ డీలరు బియ్యం సరిగా ఇవ్వడం లేదని చెప్పుకుంది. అప్పుడు రిబ్కమ్మది ఉడుకు రక్తం. డీలరు పేరు ఇంటిపేరుతో సహా రాసిపారేసింది. మధ్యాహ్నం లోపలికి వెళ్లిన అర్జీ పొద్దు వాలకముందే డీలరు చేతికి చేరింది. రెండు నెలలు బసమ్మ ఇంటికి గింజ రాలేదు. బసమ్మ తిట్టి ఉంటే బాగుండేది. "నువ్వేం జేస్తవ్ తల్లీ" అని మాత్రం అని బస్సెక్కింది. ఆ మాట రిబ్కమ్మ గుండెలో ముల్లులా ఉండిపోయింది. ఆ తర్వాత ఆమె పెన్ను ఏ పెద్దమనిషి పేరూ రాయలేదు.

రిబ్కమ్మ చెల్లెలు గ్రేసమ్మ కూతురు జీవిత. నాగల్‌గిద్దలో పరుల కంది చేలల్లో కూలికి పోయిన ఇంట్లో పుట్టి, అదే కందికి పట్టే ఎండు తెగులు మీద హైదరాబాదులోని ఒక యూనివర్సిటీలో పీహెచ్‌డీ చేస్తోంది. ఆరేళ్లు చేల వెంట తిరిగింది, థీసిస్ రాసింది. గైడు చదివి సంతకం పెడితే గానీ అది లోపలికి వెళ్లదు. ఆ గైడు, ప్రొఫెసర్ ప్రతాప్, పది నెలలుగా చదవడం లేదు. కోపం లేదు, పగ లేదు. అడిగితే "చూద్దాం" అంటాడు. అదొక్కటే మాట.

"పెద్దమ్మా, గడువు ఇంక నెలన్నరే ఉన్నది" అంది జీవిత ఒకరోజు ఫోనులో. "సారు సంతకం పెట్టకపోతే నా పేరు కొట్టేస్తరు. ఆరేండ్లు గంగల కలుస్తయ్."

"సారును అడిగినవా?"

"అడుగుడు గాదు, మొక్కిన."

"ఇగ నోటితోని చాలు బిడ్డా. కాగితం పెట్టు. నేను రాసిస్త."

రాసిచ్చింది. తన పనితనమంతా పోసి రాసిచ్చింది. కొన్ని కారణాల వలన థీసిస్ ఆలస్యమవుతున్నదనీ, పేద విద్యార్థిని అనీ, తమ దయ అనీ. హాస్టల్లో జీవిత గదిలో ఉండే కోమల దాన్ని ఇంగ్లీషులోకి మార్చింది. దయ కూడా ఎక్కడా ఒలికిపోకుండా భద్రంగా మారింది. పన్నెండు రోజులకు జవాబొచ్చింది. మూడు నెలలు గడువు పెంచారు. ఆ రోజు రిబ్కమ్మ సంగమ్మ హోటల్లో కనిపించినవాళ్లందరికీ చాయ్ పోయించింది.

ఆ మూడు నెలల్లో రెండు గడిచాక ఒక ఆదివారం జీవిత ఖేడ్ డిపోలో బస్సు దిగి, చర్చి నుంచి వస్తున్న పెద్దమ్మను దారిలోనే పట్టుకుంది. మొహం చూస్తేనే సంగతి తెలిసిపోయింది.

"గడువు దొరికింది గదా, తొందరేముంది అంటున్నడు సారు" అంది. "కోమల నీ అర్జీ మళ్ల చదివింది పెద్దమ్మా. గిండ్ల ఫిర్యాదు ఏడున్నదే అని అడిగింది."

రిబ్కమ్మ ఇంటికి వెళ్లి కళ్లద్దాలు పెట్టుకుని నకలు తీసింది. తన అర్జీని మొదటిసారి గుమాస్తాలా చదివింది. ఎవరు ఆపారో లేదు. ఎన్నాళ్ల నుంచో లేదు. ఏం కావాలో లేదు. ఒక అమ్మాయి తన పని తాను ఆలస్యం చేసుకుని గడువు అడుక్కుంటున్నట్టే ఉంది. యూనివర్సిటీ వాళ్లు అడిగింది ఇచ్చారు, అంతే. ఆమె సిగ్గుతో చచ్చిపోయింది.

"తప్పు నాదే బిడ్డా" అంది. "ఖేడ్ భయాన్ని తీస్కపోయి నీ చదువుకు అంటగట్టిన."

జీవిత ఫోనులో ఉన్న యూనివర్సిటీల నిబంధనల పుస్తకం తెరిచి, ఒక్కో ముక్కా తెలుగులో చెప్పసాగింది. విద్యార్థుల ఫిర్యాదులు వినడానికి ప్రతి యూనివర్సిటీలో కమిటీ ఉండాలి. అందులో ఒక్క మహిళైనా ఉండాలి. విద్యార్థుల వైపు నుంచి ఒకర్ని పిలవాలి. ఫిర్యాదు చేతికందాక పదిహేను పనిరోజుల్లో కమిటీ తేల్చి చెప్పాలి. అది నచ్చకపోతే పైన అంబుడ్స్‌పర్సన్ అని ఇంకొకరున్నారు, అక్కడికి పోవచ్చు. విద్యార్థి తానే వచ్చి చెప్పుకోవచ్చు, తన తరఫున మాట్లాడే మనిషిని పెట్టుకోవచ్చు.

"ఆ ఆఖరిది మళ్లొక్కసారి చదువు" అంది రిబ్కమ్మ.

జీవిత మళ్లీ చదివింది.

"అట్ల రాసి ఉన్నదా? పెద్ద సారు మీద చదువుకునే పిల్ల చెప్పుకోవచ్చని, ఇంకో మనిషిని గూడ తెచ్చుకోవచ్చని?"

"ఉన్నది పెద్దమ్మా. అచ్చులనే ఉన్నది."

రిబ్కమ్మ ఇరవై ఏడేళ్లుగా కాగితమంటే పైకి చేతులు జోడించడమే అనుకుంది. పైనున్నవాళ్లు ఇన్ని రోజుల్లో జవాబు చెప్పి తీరాలని వాళ్ల మెడ మీద కూడా ఒక కాగితం ఉందని ఆమెకు ఎవరూ చెప్పలేదు. తానెప్పుడూ అడగనూ లేదు.

ఆ మధ్యాహ్నం కొత్త ఫిర్యాదు రాసింది. జీవిత ఏ అధ్యాయం ఏ తేదీన ఇచ్చిందో రాసింది. పేరు దగ్గరికి వచ్చేసరికి చెయ్యి ఆగింది. బసమ్మ గుర్తొచ్చింది. ఈ పిల్ల కూడా రేపు అదే సారు ముందు నిలబడాలి కదా అనిపించింది. జీవిత ఎదురుగా కూచుని చూస్తోంది. రాయమనీ అనలేదు, వద్దనీ అనలేదు. రిబ్కమ్మ మనసులో ప్రార్థన చేసుకుని ప్రతాప్ పేరు పూర్తిగా, హోదాతో సహా రాసింది. కింద రెండే కోరికలు రాసింది. సారు ఫలానా తేదీలోగా రాతపూర్వకంగా అభిప్రాయం చెప్పాలి. లేదా చదవడానికి ఇంకొకరిని ఇవ్వాలి. దయ అన్న మాట ఎక్కడా రాలేదు. సంతకం చేసి ఇస్తూ జీవిత, "నా తరఫు మనిషివి నువ్వే" అంది.

విచారణ రోజు గంజి పెట్టిన చీర కట్టుకుని, సంచిలో నకళ్లు సర్దుకుని తెల్లారే బస్సెక్కింది రిబ్కమ్మ. యూనివర్సిటీ గదిలో పొడుగాటి బల్ల, బల్లకు అటువైపు ఐదుగురు ప్రొఫెసర్లు, చివర ఒక విద్యార్థిని. అధ్యక్షురాలు స్వరూపరాణి. ఇంకో పక్క ప్రతాప్ సారు కూచుని ఉన్నాడు. రిబ్కమ్మ అలవాటుగా తలుపు పక్కన గోడకు ఆనుకుని నిలబడింది.

"అక్కడెందుకమ్మా, వచ్చి కూర్చో" అంది స్వరూపరాణి. "జీవిత పక్కన కుర్చీ నీదే."

ఖేడ్‌లో ఇన్నేళ్లలో తహసీల్ గేటు లోపల ఆమెను కూర్చోమన్నవాళ్లు లేరు. కుర్చీ అంచున కూచుంది.

ప్రతాప్ సారు మర్యాదగానే మాట్లాడాడు. "అధ్యాయాలన్నీ నాకు పోయిన నెలలోనే అందాయి మేడం. అంతకుముందు అక్కడక్కడా కొన్ని పేజీలు, అంతే" అన్నాడు. జీవిత లేవబోయి మళ్లీ కూచుంది. అది చూసి రిబ్కమ్మకు భయం పోయింది. సంచిలోంచి ఒక బడిపిల్లల నోటుపుస్తకం తీసింది.

"సారూ, మీరు అబద్ధం చెప్తున్రని అంటలేను. మర్శిపోయిన్రేమో" అంది. "కాగితమిస్తే ముట్టినట్టు సంతకం తీస్కోవాల్నని ఈ పిల్లకు చిన్నప్పుడే నేర్పిన. అధ్యాయం ఇచ్చినప్పుడల్లా మీ డిపార్ట్‌మెంట్ అటెండర్ బాలకిషన్‌తోని పెట్టించుకున్నది. చూడున్రి."

తోటి స్కాలర్లు నవ్వినా జీవిత మానని చాదస్తం అది. ఏడు అధ్యాయాలు, ఏడు సంతకాలు, ఏడు తారీఖులు. ఆఖరిది ఏడాది కిందటిది. పుస్తకం బల్ల చుట్టూ తిరిగింది. ఎవరూ గొంతు పెంచలేదు. చివరికి ప్రతాప్ సారు చేతికి వచ్చింది. ఆయన పేజీలు తిప్పి, అద్దాలు తీసి, "చదివి ఉండాల్సింది" అన్నాడు.

అంతే. ఒక చిన్న మనిషి అడిగింది, ఒక పెద్ద మనిషి జవాబు చెప్పాడు, మధ్యలో ఆరుగురు విన్నారు. రిబ్కమ్మకు అది నమ్మశక్యంగా లేదు. ఏ ఊరు, ఎవరి మనుషులు అని ఒక్కరూ అడగలేదు. బయటికి పొమ్మనలేదు. చర్చిలో పాట అందుకున్నప్పుడు వచ్చే వణుకు ఒళ్లంతా పాకింది. కొంగుతో కళ్లు ఒత్తుకుంది.

పదకొండో పనిరోజున కమిటీ మాట కాగితం మీద వచ్చింది. పది రోజుల్లో ప్రతాప్ రాసి ఇవ్వాలి, లేదంటే ఇంకో ప్రొఫెసర్ చదువుతారు, ఈ ఆలస్యం జీవిత గడువులో లెక్కకు రాదు. ప్రతాప్ సారు ఎనిమిదో రోజునే తొమ్మిది పేజీలు రాసిచ్చాడు. "చదివితే ఎంత మంచిగ చెప్పిండు పెద్దమ్మా" అని జీవిత ఫోనులో ఏడ్చింది. అది సంతోషమో కోపమో ఆ పిల్లకే తెలియదు. దిద్దుకుని, సంతకం పెట్టించుకుని, నెలలోపే థీసిస్ ఇచ్చింది. ముట్టినట్టు రసీదు ఫొటో ముందు పెద్దమ్మకే పంపింది.

ఆ మర్నాడు జిరాక్సు దుకాణం అరుగు దగ్గరికి బసమ్మ వచ్చింది. వెంట్రుకలు నెరిసిపోయాయి, నడుము వంగింది. తన చేనికి పోయే బండ్లబాటకు పక్క పట్టేదారు కంచె వేశాడట.

"కొందరు అని రాయి రిబ్కమ్మా" అంది తానే. "పేరొద్దు. ఎరుకే గదా."

రిబ్కమ్మ రాసే అట్ట ఒళ్లో పెట్టుకుంది గానీ రాయలేదు.

"పేరు రాస్త బసమ్మా. అప్పుడు రాసి నిన్ను ఒక్కదాన్నే లోపలికి పంపిన. అది నా తప్పు. ఇయ్యాల నీతోని నేను గూడ వస్త. సంతకం పెట్టేదాంక ఆడనే కూసుంట."

"కూసోనిస్తరా?"

"కుర్చీ నేనే అడుగుత."

బసమ్మ గేటు వైపు చూసింది. తర్వాత ఆ పట్టేదారు పేరు చెప్పింది. రిబ్కమ్మ ఇంటిపేరు కూడా అడిగి రాసుకుంది.