గడి హద్దు మీద ఏడు చుక్కలు

మా చిన్నకోడలి గురించి నేను రాయకపోతే ఇంకెవరూ రాయరు. నేను చదివింది ఊరి బడిలో ఐదో తరగతి దాకానే. అయినా సర్వే గొలుసు పట్టుకుని ముప్పైనాలుగేళ్ళలో నలభైఒక్క ఊళ్ళు కొలిచాను. నా కొలత తప్పని ఒక్క అధికారీ అనలేదు. కోడలి పని విలువ చెప్పడానికి ఆ అర్హత చాలు.

తనది మంచినీళ్ళ ఆఫీసులో కంప్యూటర్ పని. నీళ్ళు తాగి వాంతులు పట్టుకున్న ప్రతి ఇల్లూ తన పటంలో ఒక చుక్క. ఎవరైనా ఒక పేట చుట్టూ గీత గీసి, ఇందులో చుక్కలు గుంపు కట్టాయా అని అడిగితే రెప్పపాటులో జవాబు రావాలి. చుక్కలన్నీ వెతుకుతూ కూర్చుంటే ఆలస్యమని పటాన్ని నాలుగు గడులు చేసింది, ఒక్కో గడిని మళ్ళీ నాలుగు చేసింది, అలా సందుల దాకా దిగింది. ఏ గడిలో ఎన్ని గుంపులో ముందే రాసి ఉంటుంది. గీత లోపల పడిన గడుల జవాబులు కలిపితే సరి. కనీసం ఐదు చుక్కలు దగ్గరగా ఉంటే గుంపు; అక్కడ పైపు తవ్వి చూడాలి. ఇదంతా ఒంటిచేత్తో చేసిందని మా వీధిలో నేను చెప్పని ఇల్లు లేదు.

ఆ ఆదివారం మూడు దాటింది. భోజనాల బల్ల మీద కంప్యూటర్, పక్కన ముట్టని కంచం. వాళ్ళ ఆఫీసు ఇంజనీరు ఫోన్ చేశాడు.

"ఏమ్మా, గుంపులేమైనా ఉన్నాయా?"

"సున్నా చూపిస్తోంది సార్."

"అయితే నాలుగింటికి నీళ్ళు వదిలేస్తాం."

ఫోన్ పెట్టేసి గోళ్ళు కొరకడం మొదలుపెట్టింది. "పొద్దున్నుంచి ఆసుపత్రి నుంచి ఫోన్లు ఆగట్లేదు మామయ్యా. పైపులో మురుగు కలుస్తుంటే పేటంతా ఆ నీళ్ళే తాగుతుంది."

నేను తెర మీదకు వంగాను. "ఈ సందులో ఇటు మూడు చుక్కలు, అటు నాలుగు. మధ్యలో ఆ గీతేమిటమ్మా?"

"గడి హద్దు."

"మా పటాలూ ముక్కలే. అంచు మీది బావిని పక్క ముక్క కొలిచేవాడు రాస్తాడని నేను, నేను రాస్తానని వాడు వదిలేసేవాళ్ళం. అందుకే అంచులు ఆనించి చూడందే ఏ పటాన్నీ పైకి పోనిచ్చేవాణ్ణి కాదు."

వంటింట్లోంచి మా ఆవిడ కేకేసింది. "పిల్ల ప్రాణం కొట్టుకుంటుంటే మీ గొలుసు పురాణమా!"

కోడలు ముఖం పాలిపోయింది. "గడుల జవాబులు కలిపానే గానీ, హద్దుకి అటూ ఇటూ ఉన్నవాటిని కలపలేదు మామయ్యా. ఇటు గడి మూడే కనక గుంపు కాదంది, అటు గడి నాలుగే కనక కాదంది. కలిపితే ఏడు!"

మూడూ నలభై. ఇంజనీరు ఫోన్ ఎత్తలేదు. మళ్ళీ చేసింది, ఎత్తలేదు. వాల్వు తిప్పే ఆయనకు చేసింది.

"ఇంజనీరుగారు చెప్పకుండా ఆపితే నా ఉద్యోగం ఊడుతుంది మేడం."

"ఊడితే నాది ఊడనీ అన్నా. తప్పు నాదని ఇప్పుడే రాసి పంపుతున్నా. ఆ సందుకి నీళ్ళొదిలే వాల్వు ఒక్కటీ తెరవకు."

ఫోన్ చెవికి ఆనించుకునే టైపు చేసి పంపేసింది.

"సరే మేడం."

ఆరింటికి తవ్వారు. మురుగుకాలువ పక్కనే పైపుకి బెజ్జం పడి ఉంది. ఇంజనీరు స్వయంగా ఫోన్ చేసి శభాష్ అన్నాడు. కోడలు నవ్వలేదు. ఈ పటం మొదలుపెట్టి ఎనిమిది నెలలు. అప్పటినుంచి పడిన చుక్కలన్నీ హద్దులకి అటూ ఇటూ కలిపి చూసింది. ఇంకా రెండు గుంపులు బయటపడ్డాయి, ఎప్పుడూ ఎవరూ తవ్వని సందుల్లో. ఆ రెండు సందుల పేర్లూ తనే రాసి, తప్పు తనదేనని కింద తన పేరు పెట్టి, పైవాళ్ళకు పంపింది.